మనిషికి నాలుగు బాతులు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన రోజున బాలసుబ్బయ్య కబ్ద్‌లోని తోటలో ఖర్జూరపు చెట్లకు నీళ్ళు కడుతున్నాడు. సంగతి తెలిసేసరికి మధ్యాహ్నమైంది. తెలిశాక కూడా పార కింద పెట్టలేదు. దేశం ఎవరి చేతిలోకి పోయినా చెట్టు దప్పిక చెట్టుదే కదా అనుకున్నాడు.

ఆయనది లక్కిరెడ్డిపల్లె దగ్గర ఒక పల్లె. నలభై దాటిన మనిషి. తోట యజమాని, అంటే కఫీల్, షర్క్‌లో ఆఫీసు, నగరంలో ఇల్లు ఉన్న పెద్దమనిషి. సైన్యం వచ్చిన మూడోనాడే పెళ్ళాం పిల్లల్ని కార్లో వేసుకుని సౌదీకి వెళ్ళిపోయాడు. ఇంట్లో పనిచేసే సూరాయమ్మకూ, వానెట్ అనే చిన్న సరుకుల బండి తోలే రాయచోటి ఖాజా హుస్సేన్‌కూ ఆ కార్లో చోటు లేకపోయింది. ఖాజా ఆమెను, రెండు బియ్యం మూటలను, ఒక గ్యాసు సిలిండర్‌ను బండిలో ఎక్కించుకుని తోటకు చేరాడు.

తెలిసినవాళ్ళంతా బస్సులెక్కి బాగ్దాదు మీదుగా జోర్డాన్ పోతున్నారనీ, అక్కడినుంచి విమానాల్లో ఊళ్ళకు చేరుతున్నారనీ విన్నారు. వీళ్ళూ పోదామనుకున్నారు. కానీ పాస్‌పోర్టులు కఫీల్ బీరువాలో ఉన్నాయి, బీరువా తాళం కఫీల్ జేబులో ఉంది, కఫీల్ సౌదీలో ఉన్నాడు.

"పాస్‌పోర్టు లేకున్నా పంపిస్తాండారంట అక్కా" అన్నాడు ఖాజా.

"పంపిస్తారు, పంపిస్తారు. నడిమధ్యలో దింపి జైల్లో ఏస్తే ఎవురొస్తారురా?" అంది సూరాయమ్మ.

ఈ వాదన తెగకముందే బస్సులు ఆగిపోయాయి.

సైనికులు విడతలు విడతలుగా వచ్చేవాళ్ళు. మొదట వచ్చినవాళ్ళు గొర్రెలను తోలుకుపోయారు. తర్వాత వచ్చినవాళ్ళు జనరేటర్ మోసుకుపోయారు. ఆ తర్వాతివాళ్ళకు పెద్దగా ఏమీ దొరక్క, వానెట్ చక్రాలు ఊడబీక్కుపోయారు. బోరుకున్న డీజిల్ ఇంజను తుప్పుపట్టి ఉంది కాబట్టి దాన్ని ఎవరూ ముట్టలేదు. దాని పుణ్యాన తోట నడుమ ఉన్న సిమెంటు కుంటలో నీళ్ళు ఉండేవి.

చలి మొదలయ్యాక ఆ కుంట మీద అడవి బాతులు దిగాయి. ఏటా ఉత్తరాన్నుంచి వచ్చేవే. ఈసారి మాత్రం వాటిని చూడగానే ముగ్గురికీ నోట్లో నీళ్ళూరాయి. చాన్నాళ్ళుగా ఉత్త అన్నంలో ఉప్పూ కారం కలుపుకుని తింటున్నారు మరి.

"దేవుడు కూర పంపించినాడు సుబ్బన్నా" అంది సూరాయమ్మ.

టమాటా మడుల మీద ఎండకు కప్పే పెద్ద వల ఒకటి మిగిలి ఉంది. బాలసుబ్బయ్య ఒక కొస, ఖాజా ఒక కొస పట్టుకుని కుంట మీద విసిరారు. మొదటి రెండుసార్లు ఖాజా నీళ్ళలో పడ్డాడు. మూడోసారి బాతులు పడ్డాయి. తొమ్మిది. సూరాయమ్మ ఈకలు పీకి, కడిగి, ఊరినుంచి తెచ్చుకున్న కారం పట్టించి, పెద్ద డేగిసాలో పొయ్యిమీద పెట్టింది.

సరిగ్గా అప్పుడే లారీ వచ్చింది.

ఈసారి వచ్చినవాళ్ళతో ఒక కెప్టెన్ ఉన్నాడు. పేరు హాతిం. సన్నగా, పొడుగ్గా, బడిపంతులులా ఉన్నాడు. సైనికులు తోటలోని ఇంట్లోకి దూరి సామాన్లు మోస్తుంటే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఎటో చూస్తూ నిలబడ్డాడు. ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చాడు. నేరుగా వంటగదిలోకి వచ్చి డేగిసా మూత తీశాడు. పక్కన బాతు తలలు కుప్పగా పడి ఉంటే వాటిని వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు.

"ఎవరు పట్టారు?" అని అరబ్బీలో అడిగాడు.

ముగ్గురిలో అరబ్బీ బాగా వచ్చినవాడు ఖాజా. "నేనూ, ఈ అన్నా" అన్నాడు.

"ఇద్దరికి ఎనిమిది. మరి తొమ్మిదోది ఎవరిది?"

ఎవరికీ అర్థం కాలేదు. వెనకాల స్నానాలగదిలో ఇద్దరు సైనికులు గీజర్‌ను గోడనుంచి పెరుకుతున్నారు. వాళ్ళలో ఒకడు తల బయటపెట్టి, "సార్, పైపులు కూడా తెమ్మంటారా?" అని అడిగాడు.

"తీసుకోండి" అన్నాడు కెప్టెన్ వెనక్కి తిరక్కుండానే. "తొమ్మిదోది ఎవరిది? మీకు లైసెన్సు ఉందా?"

ఖాజా గబగబా జేబులోంచి డ్రైవింగ్ లైసెన్సు తీసి ఇచ్చాడు. కెప్టెన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతో బాతులను వేటాడకూడదు" అని తిరిగిచ్చేశాడు.

తర్వాత ముగ్గురినీ ఖర్జూరపు చెట్టుకింద కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాడు. ఆయన అసలు సైనికుడు కాడు. దక్షిణ ఇరాక్‌లో చిత్తడి నేలలున్న చోట బాతుల వేట మీద తనిఖీ చేసే ఉద్యోగి. యుద్ధమని పిలిచి యూనిఫారం తొడిగారు. ఆయన ఒక్కో మాటా నిదానంగా చెప్పాడు. ఖాజా దాన్ని తెలుగులోకి దించాడు.

"ఏమంటాండాడంటే అన్నా, మనిషికి దినానికి నాలుగే బాతులంట. వల ఏసి పట్టగూడదంట. నీళ్ళమీద కూచున్నదాన్ని కొట్టగూడదంట, ఎగిరేదాన్నే కొట్టాలంట. లైసెన్సు ల్యాకుంటే ఈకగూడా ముట్టగూడదంట."

"మన గొర్రెల్ని తోలకపోయినారే, వాటికేం లెక్క ల్యాదా అని అడుగు" అంది సూరాయమ్మ.

"ఊరుకో అక్కా, కాలుస్తారు."

"అడగరా!"

ఖాజా కళ్ళు మూసుకుని అడిగేశాడు. కెప్టెన్ కోప్పడలేదు. మొహం చిన్నబుచ్చుకుని, "గొర్రెలు నా శాఖ కాదు" అన్నాడు.

శిక్ష కూడా అక్కడే ఖరారైంది. బాలసుబ్బయ్య ఆ కుంటకు బాతుల కాపలాదారు. తప్పు చేసినవాడికే తప్పుదారులు తెలుస్తాయని కెప్టెన్ నమ్మకం. తన మెడలోని ఈల తీసి బాలసుబ్బయ్య మెడలో వేశాడు. తొమ్మిది బాతులనూ జప్తు చేశాడు. జప్తు చేసిన వేటను ఎవరూ తినకూడదట, పాతిపెట్టాలట. కారం పట్టించి సగం ఉడికిన బాతులను గుంత తీసి పాతుతుంటే సూరాయమ్మ అయినవాళ్ళు పోయినట్టు ఏడ్చింది.

లారీ అటు పోగానే కళ్ళు తుడుచుకుని పార అందుకుంది.

"తప్పు మ్మే, చట్టం" అన్నాడు బాలసుబ్బయ్య, ఈల పట్టుకుని.

"భూమిలో పెట్టినాక అది పంట. పంట కోసుకునేదానికి ఏ చట్టం అడ్డమొస్తాదో చెప్పు" అంది ఆమె. రెండు బిందెల నీళ్ళతో కడిగి మళ్ళీ పొయ్యిమీద పెట్టింది. ఇసుక పళ్ళకింద కరకరలాడినా ముగ్గురూ ఎముకలతో సహా నమిలారు.

కెప్టెన్ దళం దగ్గర్లోనే మకాం వేసింది. పొద్దున్నే ఆయన కుంట దగ్గరికి వచ్చి బాతులను చూసి వెళ్ళేవాడు. బాలసుబ్బయ్యకు మొదట్లో భయం, తర్వాత సిగ్గు, ఆపైన ఎందుకో పౌరుషం పుట్టాయి. తోటలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే కళ్ళముందే పోయాయి. ఏ ఒక్కదానికీ ఆయన అడ్డం నిలబడలేకపోయాడు. ఇప్పుడు ఒక సైనికుడు తుపాకీ ఎత్తి నీళ్ళమీది బాతుకు గురిపెడితే, ఈయన ఈల ఊదితే, వాడు తుపాకీ దించుతున్నాడు. తుపాకీ దించించడం ఆయన జన్మలో అదే మొదలు.

ఒక మధ్యాహ్నం పెద్ద జీపులో బ్రిగేడియర్ దిగాడు. చేతిలో వెండి పూలు చెక్కిన తుపాకీ, ఎవరి ఇంట్లోదో. వెంట మడతకుర్చీ, టీ ఫ్లాస్కు, నలుగురు ఆఫీసర్లు. కుంట పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. సైనికులు చప్పట్లు కొట్టి బాతులను లేపితే కాల్చాడు. గురి బాగానే ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ తుపాకీ ఎత్తాడు.

ఈల మోగింది.

ఊదింది తానేనని బాలసుబ్బయ్యకు ఊదాక తెలిసింది. సూరాయమ్మ వంటగది గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎవడు వాడు?" అన్నాడు బ్రిగేడియర్.

"బాతుల కాపలాదారు సార్" అన్నాడు కెప్టెన్ హాతిం, సెల్యూట్ కొట్టి. "తమకు నాలుగూ పూర్తయ్యాయి."

బ్రిగేడియర్ పగలబడి నవ్వాడు. మిగతావాళ్ళు నవ్వబోయి, కెప్టెన్ మొహం చూసి ఆగిపోయారు.

"యుద్ధం జరుగుతున్న చోట బాతుల చట్టమేమిటయ్యా?"

"మన్నించండి సార్. కువైట్ మన దేశంలో పంతొమ్మిదో రాష్ట్రమని ప్రకటన వచ్చింది కదా. మన రాష్ట్రమే అయితే మన వేట చట్టం ఇక్కడా చెల్లుతుంది. చెల్లదని తమరంటే..." అని అక్కడితో ఆపేశాడు.

బ్రిగేడియర్ ఓరకంట తన ఆఫీసర్ల వైపు చూశాడు. నలుగురూ బూట్ల వైపు చూసుకుంటున్నారు. వాళ్ళలో ఎవడు ఏ మాట ఎక్కడికి మోస్తాడో ఆయనకు తెలియదు.

"ఏమైందిరా?" అని గుసగుసగా అడిగింది సూరాయమ్మ.

"చట్టం చెల్లదంటే కోయిట్ మనది కాదని చెప్పినట్లంట అక్కా. ఆ మాట అన్నోనికి వాళ్ళ దేశంలో తల ఉండదంట" అన్నాడు ఖాజా.

బ్రిగేడియర్ తుపాకీ ఒళ్ళో పెట్టుకుని ఒక కప్పు టీ నిదానంగా తాగాడు. తాగి మూతి తుడుచుకుని, "మనిషికి నాలుగు. అంతే కదా?" అన్నాడు.

"అంతే సార్."

"అయితే మనుషులను తెప్పించండి."

లారీ మనవాళ్ళు ఎక్కువగా ఉండే జిలీబ్ వైపు పోయి, వీధుల్లో కనబడిన ఇండియా వాళ్ళను ఎక్కించుకుని వచ్చింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. తుపాకుల మధ్య తెచ్చి కుంట గట్టున వరసగా నిలబెట్టేసరికి వాళ్ళకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎదురుగా కుర్చీలో ఒక బ్రిగేడియర్, చేతిలో తుపాకీ. ఒకాయన రెండు చేతులూ ఎత్తి, కళ్ళు మూసుకుని గోవిందా గోవిందా అనుకుంటున్నాడు. పేరు పెద్దిరాజు, గోదావరి మనిషి, ఫర్వానియాలో ఒక హోటల్లో వంటవాడు.

బాలసుబ్బయ్య మెల్లగా ఆయన దగ్గరికి పోయి, "చేతులు దించన్నా, ఏం కాదు" అన్నాడు.

"తెలుగోరా బాబూ! మమ్మల్ని కాల్చేత్తారాండీ?"

"మిమ్మల్ని కాదు, బాతుల్ని."

"మరి మేమెందుకండీ?"

"మీరు వేటగాళ్ళు."

పెద్దిరాజుకు ఆ మాటతో భయం ఇంకాస్త పెరిగింది.

కెప్టెన్ సిగరెట్టు అట్టలు చింపించి, ఒక్కో ముక్కమీద పేరు రాసి, ముద్ర కొట్టి, ఒక్కొక్కరినీ పిలిచి ఇచ్చాడు. వేటాడే లైసెన్సు. సూరాయమ్మకూ, ఖాజాకూ, బాలసుబ్బయ్యకూ కూడా ఇచ్చాడు. "సయ్యాదా సూరాయమ్మ!" అని అరిచాడు. వేటగత్తె సూరాయమ్మ అని.

"పెండ్లినాడు గూడా నా పేరు ఇంత గట్టిగా ఎవురూ పిలవల్యా" అని గొణుక్కుంటూ పోయి తెచ్చుకుంది.

ఆపైన వేట మొదలైంది. బ్రిగేడియర్ కాలుస్తాడు, బాతు పడుతుంది, కెప్టెన్ ఎవరి పేరైతే చదువుతాడో వాళ్ళు పోయి దాన్ని తెచ్చుకుని తమ కాళ్ళదగ్గర పెట్టుకోవాలి. నాలుగు కాగానే బాలసుబ్బయ్య ఈల ఊదుతాడు. తర్వాతి మనిషి ముందుకొస్తాడు. పెద్దిరాజు వంతు వచ్చినప్పుడు రెండు గుళ్ళు తప్పిపోతే బ్రిగేడియర్ ఆయన వైపు కోపంగా చూశాడు, తప్పు ఆయనదే అన్నట్టు. పెద్దిరాజు దండం పెట్టాడు. కుంట గట్టున ఒక్కొక్కరి ముందు బాతులు, సంతలో చేపలు పోసినట్టు, వరసగా పడ్డాయి. ఎగిరిపోయినవి పోగా ఇక లేవడానికి బాతులు లేవు.

బ్రిగేడియర్ సంతోషంగా లేచి, "యల్లా, అన్నీ నా జీపులో వేయండి" అన్నాడు.

"కుదరదు సార్" అన్నాడు కెప్టెన్. "ఒకరి లైసెన్సు మీద పడిన బాతును ఇంకొకరు తీసుకెళ్ళకూడదు. అవి వాళ్ళవి."

"కాల్చింది నేనయ్యా!"

"తమరే కాల్చారంటే తమరు నాలుగు దాటారు సార్. అట్లా రాయమంటారా? వీళ్ళు వేటాడారంటే బాతులు వీళ్ళవి. ఏది రాయమంటే అది రాస్తాను."

బ్రిగేడియర్ మొహం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. నోరు తెరిచాడు. తన ఆఫీసర్ల వైపు చూశాడు. వాళ్ళు మళ్ళీ బూట్లు చూసుకుంటున్నారు. నోరు మూసుకుని, తన నాలుగు బాతులను మాత్రం రెండు చేతుల్లో వేలాడేసుకుని తనే స్వయంగా మోసుకుంటూ జీపెక్కాడు. కుర్చీ అక్కడే మర్చిపోయాడు.

జీపు దుమ్ము కనుమరుగయ్యేదాకా ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత ముందుగా పెద్దిరాజుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కూలబడి ఏడ్చాడు. ఏడ్చి లేచి, "పొయ్యెక్కడండీ?" అన్నాడు.

ఆ రోజు ఆ తోటలో పెళ్ళి భోజనాలంత సందడి జరిగింది. పెద్దిరాజు పులుసు పెట్టాడు. సూరాయమ్మ వేపుడు చేసింది. ఎవరిది బాగుందని ఇద్దరూ పోట్లాడుకున్నారు. నెలల తరబడి గదుల్లో తలుపులేసుకుని ఉన్న మనుషులు ఎండలో కూర్చుని, వేళ్ళు నాక్కుంటూ ఊళ్ళ పేర్లు చెప్పుకున్నారు. సూరాయమ్మ ఒక పళ్ళెంలో అన్నం, కూర పెట్టి కెప్టెన్ దగ్గరికి పంపింది. ఆయన తీసుకోలేదు.

"నాకు లైసెన్సు లేదు" అన్నాడు.

"ముద్ర నీ చేతిలోనే ఉండాది గదా!" అంది సూరాయమ్మ.

తనకు తాను ఇచ్చుకునే అధికారం లేదట. అందరూ తింటుంటే ఆయన ఎండు రొట్టెను టీలో ముంచుకుని తిన్నాడు.

ఆ వారంలోనే ఆయనకు బదిలీ వచ్చింది, సౌదీ సరిహద్దులో కందకాలకు. ఎవరు వేయించారో అందరికీ తెలుసు. వెళ్ళేముందు కుంట దగ్గరికి వచ్చి నిలబడితే, బాలసుబ్బయ్య ఖాజా చేత అడిగించాడు. "ఈ బాతుల కోసం అంత పెద్దాయనతో ఎందుకు సార్ పెట్టుకున్నారు?"

కెప్టెన్ ఆలోచించాడు. "ఆగస్టు నుంచి నేను చేసిన పనుల్లో, ఇంటికి పోయాక నా భార్యకు చెప్పుకోగలిగింది ఇదొక్కటే" అన్నాడు. లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

జనవరిలో అమెరికా విమానాల బాంబులు పడటం మొదలైంది. వేట తర్వాత మళ్ళీ వచ్చి చేరిన బాతుల్లో మొదటి రోజు తెల్లవారేసరికే కుంట మీద ఒక్కటీ లేదు. బాలసుబ్బయ్య చాలాసేపు ఖాళీ నీళ్ళను చూస్తూ కూర్చున్నాడు. ఖాజా వచ్చి భుజం పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు.

ఫిబ్రవరి ఆఖరులో ఇరాక్ సైన్యం ఓడి వెనక్కి మళ్ళుతుండగా, నూనెబావులు తగలబడి మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశం మసిపట్టిన కుండలా ఉన్న ఒకరోజు, దక్షిణం నుంచి ఒక మనిషి నడిచి వచ్చాడు. కాళ్ళకు చెప్పులు లేవు, నెత్తిన టోపీ లేదు. గడ్డం మాసి, పెదాలు పగిలి ఉన్నాయి. దగ్గరికొచ్చేదాకా కెప్టెన్ హాతిం అని గుర్తుపట్టలేదు. ఆకలి అని చేత్తో సైగ చేశాడు.

సూరాయమ్మకు మండిపోయింది. "మా మామా, అదే మా యజమానమ్మ ఇంట్లో తలుపులు గూడా పెరక్కపోయిరి. ఆ తల్లి యాడుందో, ఏం తింటాందో. ఎదురింటి పిల్లోన్ని పట్టకపోయి మల్లా చూపించల్యా వీళ్ళు. ఈనికి అన్నం నేను పెట్టల్లా?"

"నువ్వు పెట్టకుంటే నేను పెడతాలే మ్మే" అన్నాడు బాలసుబ్బయ్య.

"నువ్వు గమ్మునుండు" అని కసిరి, ఆమే పోయి ఉన్న అన్నమంతా ఊడ్చి, టమాటా ఊరుబిండి వేసి, పళ్ళెం ఆయన ముందు చప్పుడయ్యేలా పెట్టింది. ఆయన తలెత్తకుండా తిన్నాడు. కారానికి కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా తిన్నాడు. తిన్నాక పళ్ళెం తనే కడిగాడు.

యూనిఫారంతో పోతే దారిలో ప్రాణం పోతుందని బాలసుబ్బయ్య తన లుంగీ, చొక్కా ఇచ్చాడు. ఆయనకు లుంగీ కట్టుకోవడం చేతకాలేదు. రెండుసార్లు జారింది. చివరికి ఖాజా దాన్ని బిగించి, పైన తాడు కట్టాడు.

బాతుల సంగతి అడుగుతాడని బాలసుబ్బయ్య మనసులో జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆయన పోయాక కూడా సైనికులను నాలుగు దాటనివ్వలేదనీ, పంతొమ్మిదో రాష్ట్రమన్న మాట అరబ్బీలో నేర్చుకుని ఇద్దరిని వెనక్కి పంపాననీ, బాంబులకు బాతులు వాటంతటవే పోయాయనీ. కెప్టెన్ కుంట పక్కనుంచే నడిచాడు. నీళ్ళమీద నల్లటి తెట్టు కట్టి ఉంది. అటు చూశాడు కానీ ఒక్కమాట అడగలేదు.

ఆయన గేటు దాటి ఉత్తరం దిక్కుగా, పడిపోతున్న లుంగీని ఒక చేత్తో ఎత్తిపట్టుకుని పోతున్నాడు. సూరాయమ్మ వంటగదిలోంచి పరుగున వచ్చి, గుమ్మం ముందున్న రబ్బరు చెప్పులు అందుకుని, ఇసుకలో పడుతూ లేస్తూ వెంటపడింది. ఆయన ముందు విసిరేసింది. ఏదో తిట్టింది కూడా. ఆయన వంగి చెప్పులు తొడుక్కుని, ఛాతీమీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. మళ్ళీ నడిచాడు. ఆ తర్వాత ఆయనేమయ్యాడో వీళ్ళకు తెలియదు.

ఆమె రొప్పుతూ తిరిగొచ్చేసరికి ఖాజా చలికి ఒక కాలిమీద ఇంకో కాలు వేసుకుని నిలబడి ఉన్నాడు.

"అవి నావక్కా" అన్నాడు.

"తెలుసు పోరా" అని సూరాయమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది.